గట్టి పెంటికలే ఏరిన డబ్బా

1987 వానాకాలం. ఆదిలాబాద్ జిల్లాలో ఒక పశువైద్య ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా ఉన్నాను. పొద్దస్తమానం పేడతోనే పని. పేడను తూచి చిక్కటి ఉప్పునీళ్లలో కలిపితే, అందులోని పురుగుల గుడ్లు పైకి తేలతాయి. వాటిని గళ్ల స్లైడ్‌లో పోసి మైక్రోస్కోప్ కింద లెక్కపెడతాం. దీన్నే ఎగ్ కౌంట్ అంటాం. పశువు కడుపు కోయకుండానే లోపల పురుగులు ఏ మాత్రం ఉన్నాయో దీంతో అంచనా వేయొచ్చు.

ఆసిఫాబాద్ వైపు అడవి అంచున అటవీశాఖ వాళ్లు కంచె వేసి పెంచుతున్న చుక్కల దుప్పులు ఆ ఏడు ఒక్కొక్కటే చిక్కి చనిపోతున్నాయి. కోసి చూద్దామంటే, మాకు కబురు అందేసరికే పూడ్చేసేవాళ్లు. వారానికోసారి బస్సులో ఒక డబ్బాలో పెంటికలు మాత్రం వచ్చేవి. అందులో గుడ్లు దాదాపు ఉండేవి కావు. ‘పురుగుల సమస్య లేదు’ అని రాసి పంపేవాణ్ణి. వారం తిరక్కుండా ఇంకో దుప్పి పోయిందనేవారు. మళ్లీ డబ్బా, మళ్లీ అదే రిపోర్టు. మూడో నెలకు ఆ డబ్బా కనబడితేనే ఒళ్లు మండేది.

ఒకరోజు అక్కడి రేంజర్ నా రిపోర్టులన్నీ పట్టుకొని వచ్చాడు.

“పురుగులు లెవ్వని మీరే రాసిన్రు గదా. అంటే తిండి లేకనే సస్తున్నయి. దాణా పెట్టేది మల్లవ్వ. ఆమెనే ఇంటికి పట్కపోతుంది. పనిలకెల్లి తీసేస్తున్న.”

నా కాగితం ఒక మనిషి కూటికి ఎసరు పెడుతుందని ఎన్నడూ అనుకోలేదు. “రెండు దినాలు ఆగుండ్రి సార్, నేనొచ్చి సూస్త” అని బతిమాలాను.

మర్నాడు వెళ్లాను. మల్లవ్వకు యాభై ఏళ్లుంటాయి. మోదుగాకుతో పెంటికలు ఏరుతోంది, శనగలు ఏరినంత శ్రద్ధగా. అవతల మూడు దుప్పులు తోకల నిండా పల్చటి పారుడుతో, తల వేలాడేసుకొని నిలబడ్డాయి.

“వాటియి ఎందుకు పంపుతలెవ్వు మల్లవ్వా?”

“మొదటిపారి పంపిన సారూ. బస్సుల కారితే కండక్టర్ తిట్టిండు. నువ్వు గూడ చిట్టీ రాస్తివి గద, గలీజు పంపొద్దు, సాఫ్‌గ పంపుమని. గప్పటిసంది గట్టియే ఏరుతున్న.”

ఆ చిట్టీ నేనే రాశాను. మొదటి డబ్బా కారి టేబుల్ పాడైందన్న కోపంలో రాసి, ఆ సంగతే మరిచిపోయాను. ఇన్నాళ్లూ డబ్బా మీద, నిన్న రేంజర్ మీద పడ్డ విసుగంతా నా మీదికే తిరిగింది.

“సచ్చినయి గూడ గిట్లనే పారినయా?”

“అన్నీ గంతే. నన్ను ఎవలన్న అడిగిన్రా?”

ఆ రోజు దుప్పి వెంట దుప్పి తిరిగి, దేనిది దానికి వేరే సీసాలో ఎత్తాం. ఏది దేనిదో మల్లవ్వే చెప్పింది. ల్యాబ్‌లో ఆ మూడింటి స్లైడ్‌లు గుడ్లతో కిక్కిరిసి ఉన్నాయి, లెక్కే తప్పింది. తక్కిన వాటిలో వెతికితే ఒకటో రెండో. మందలో పురుగుల బెడదంతా ఇలా కొన్నిటి మీదే పడడం మామూలే. బాగున్న దుప్పుల పెంటికలు చూసి, బాగున్నాయని మూడు నెలలు నేను రాసుకుంటూ పోయాను.

రేంజర్‌కు చెబితే, “గంత లొల్లి ఎందుకు, అన్నీ కలిపి సగటు ఒక్కటి రాయుండ్రి, పైకి పంపాలె” అన్నాడు. తల కొట్టుకోవాలనిపించింది. “సగటు రాస్తే గా మూడు కనబడయి సార్. మీరు మల్లవ్వనే తీసేస్తరు” అన్నాను. మొదటిసారి ఒక అధికారి ముందు గొంతు పెంచాను.

మా ల్యాబ్ డాక్టర్ గారు దాణాలో కలిపి పురుగుల మందు పెట్టించారు. రెండు తేరుకున్నాయి. మూడోది, ముసలి దుప్పి, బతకలేదు. మల్లవ్వ పని నిలిచింది, కానీ ఆమెను దొంగ అన్నందుకు రేంజర్ తప్పయిందని ఒక్క మాటా అనలేదు. తప్పు నాదేనని నేను చెప్పాను. “ఇగనన్న అడుగు సారూ” అంది, అంతే.

గుడ్లు లేవని రాయడం వేరు, నాకొచ్చిన డబ్బాలో గుడ్లు లేవని రాయడం వేరు. అప్పటినుంచి ప్రతి రిపోర్టులో పేడ ఏ జంతువుదో, ఎవరు ఎత్తారో, ఏవి ఎత్తలేదో కూడా రాశాను. ఫారంలో అందుకు గడి లేదని మొదటిదాన్ని పై ఆఫీసు వాళ్లు వాపసు పంపారు. అదే మాట కాగితం అంచున మళ్లీ రాసి, మళ్లీ పంపాను.