దొరసాని ఎదురొచ్చిన ప్రయాణం

1956లో నేను మద్రాసు రాయపురంలో ఒక ప్రైవేటు పశువుల ఆసుపత్రిలో జూనియర్ డాక్టరుగా చేరాను. డిగ్రీ చేతికొచ్చి ఏడాది కూడా కాలేదు. మా దగ్గరికొచ్చే రోగులు ముఖ్యంగా మూడు తరగతులు: హార్బరు సరుకు లాగే ఎద్దులు, జట్కా గుర్రాలు, పాలవాళ్ళ గేదెలు. నాలుగో తరగతి ‘ఇతరములు’. అందులో మేకలు, కోళ్ళు, ఒకసారి జోస్యం చెప్పే చిలక కూడా వచ్చాయి. పిల్లి మాత్రం రాలేదు. ఊళ్ళో పిల్లులకు కొదవ లేదు. పిల్లిని డాక్టరుకు చూపించాలనుకునే మనుషులకే కొదవ. అందువల్ల కాలేజీలో పిల్లుల గురించి నేర్చుకున్నదంతా నా బుర్రలో మడత నలగకుండా అలాగే ఉండిపోయింది.

ఆ మడత విప్పే అవకాశం సౌకార్‌పేట నుంచి వెదురు గంపలో వచ్చింది. గంప తెచ్చినాయన మునుస్వామి నాయుడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఇత్తడి పాత్రల కొట్టు ఉంది. గంప మీద కట్టిన పంచె విప్పితే బూడిదరంగు ఆడపిల్లి ఒకటి, పిల్లికళ్ళు అనే మాటకు న్యాయం చేస్తూ నన్ను చూసింది.

“దీని పేరు దొరసాని సార్,” అన్నాడు నాయుడు.

“కంప్లయింటు ఏమిటి?” అన్నాను. జంతువుకున్న బాధను యజమాని తన మాటల్లో చెబితే దాన్ని మేం కంప్లయింటు అంటాం.

“బాధేమీ లేదు సార్. ఎదురొస్తా ఉండాది.”

ఈ లక్షణం మా పాఠ్యపుస్తకంలో లేదు. హిస్టరీ తీసుకోవడం మొదలుపెట్టాను. హిస్టరీ అంటే, జంతువుకు నోరు లేదు కనుక దాని తరఫున యజమానిని ప్రశ్నలడగడం. ఏం తింటుంది, ఎప్పుడు తింటుంది, ఎక్కడ పడుకుంటుంది, ఇలా నాకొక వరస ఉండేది. నాయుడు జవాబులన్నీ సక్రమంగా చెప్పి అసలు సంగతికొచ్చాడు.

ఆయన భార్య నెల్లూరులో పుట్టింట పురుడు పోసుకుంది. ఆడపిల్ల. తల్లినీ బిడ్డనూ బేసి నెలలోనే అత్తవారింటికి తీసుకురావాలని వాళ్ళ ఆచారం. మూడో నెలలో కుదరలేదు. ఇప్పుడు ఐదో నెల అయిపోతోంది. ఇది తప్పితే మళ్ళీ ఏడో నెల. తన తల్లిని వెంటబెట్టుకుని నాయుడు రైలుకు బయల్దేరడం, గడప దాటి జట్కా ఎక్కబోతుండగా దొరసాని వీధికి అడ్డంగా పరుగెత్తడం, ఇలా ఇప్పటికి మూడుసార్లు జరిగింది. ఎదురొస్తే వెనక్కి వెళ్ళాలి, కాళ్ళు కడుక్కోవాలి, కూర్చుని మంచినీళ్ళు తాగాలి. ఆ తాగేలోపల రాహుకాలం వచ్చేది. రాహుకాలం పోయేలోపల రైలు పోయేది.

“ఇరవైనాలుగు గంటలూ మీ కాళ్ళకడ్డం తిరిగే పిల్లే కదా! అప్పుడు ఎదురు కాదా?” అన్నాను.

“ఇంట్లో తిరిగితే మా పిల్లి సార్. ప్రయాణమని అనుకొని గడప దాటినాక అడ్డమొస్తే అది మా పిల్లి కాదు, శకునం.”

వాదించడం నా ఉద్యోగంలో భాగం కాదు. నేను బోర్డింగు సూచించాను. బోర్డింగు అంటే యజమాని ఊరెళ్ళినప్పుడు జంతువును ఆసుపత్రిలో ఉంచుకుని తిండీ నీళ్ళూ చూడడం. ప్రయాణానికి ముందురోజే ఇక్కడ వదిలితే ఎదురొచ్చే ప్రశ్నే ఉండదు. అది పడుకునే గోనెపట్టా, అది తినే పళ్ళెం వెంట తెమ్మన్నాను. కోళ్ళ కోసం చేయించిన పంజరానికి సున్నం వేయించి, గాలి వచ్చే వైపు పెట్టించాను. నా మొదటి పిల్లి అని కొంచెం గర్వపడ్డాను కూడా.

దొరసానిని వదిలిన రోజు సాయంత్రమే రిక్షాలోంచి ఒక పొడుగాటి ముసలమ్మ దిగింది. ముక్కుకు పెద్ద బేసరి, చేతిలో గొడుగు. నాయుడి తల్లి అలివేలమ్మ. తిన్నగా పంజరం దగ్గరికి నడిచింది.

“కోళ్ళగూట్లో పెట్టినావా నా బిడ్డని?”

“సున్నం వేయించామండీ.”

“సున్నం సరే. తిన్నిందా?”

“ఇంకా లేదు. కొత్త చోట మొదటి పూట తినకపోవడం సహజం. పుస్తకంలో ఉంది.”

“పుస్తకం తింటాదా అది?” అంటూనే తలుపు తీసి, పిల్లిని చంకనెత్తుకుని, పళ్ళెం కూడా మరవకుండా పట్టుకుని, రిక్షా ఎక్కింది. డిశ్చార్జి సంతకం కోసం కాగితంతో వెంటపడ్డాను. ఆమె గొడుగు తెరిచింది. సంభాషణ ముగిసిందని దాని అర్థం.

మర్నాడు నాయుడు గంప లేకుండా వచ్చాడు.

“బోర్డింగు శానా బాగుండాది సార్,” అన్నాడు. “పొద్దున జట్కా రాంగానే మళ్ళా అడ్డం దూకింది. నాలుగో రైలు పొయ్యింది.”

బెంచీ మీద కూలబడి జేబులోంచి పోస్టుకార్డు తీశాడు గానీ చదవలేదు. “ఆడపిల్ల పుట్టిందనే నేను రాలేదని మా ఆమె ఏడుస్తా ఉండాదంట. మా అత్త రాసింది. ఎదురొచ్చిందని చెప్తే నెల్లూర్లో ఎవరు నమ్ముతారు? పదకొండో దినం ఒక్కసారి చూసినాను సార్ బిడ్డని. అప్పుడు కళ్ళు మూసుకోనుండాది. దానికింకా నా మొహం తెలీదు.”

కేసు నాకప్పుడు నవ్వులాటగా అనిపించడం మానేసింది. నాయుడు కొట్టులో ఉండే వేళ చూసి, మర్నాడు మధ్యాహ్నం జట్కా కట్టించుకుని సౌకార్‌పేట వెళ్ళాను. ఇలా రోగి ఉన్న చోటికే వెళ్ళడాన్ని మేం కాల్ అంటాం.

వాళ్ళ సందు ఇరుకు. మలుపు తిరగగానే జట్కావాడు కాలికింద గంట తొక్కాడు. ఆ మోత ఇంకా ఆగలేదు, నాయుడి ఇంట్లోంచి బూడిదరంగు మెరుపొకటి గడప దూకి, మా గుర్రం ముందునుంచి అడ్డంగా కోసుకుంటూ పోయి, ఎదురింటి అరుగెక్కి కూర్చుంది. దొరసాని! భయపడి పారిపోయిన పిల్లి కాదది. భయపడితే తోక ఉబ్బుతుంది, చెవులు వెనక్కి పోతాయి. ఈమె తోకను కాళ్ళచుట్టూ సర్దుకుని, భోజనపంక్తిలో వడ్డనకు ఆలస్యమైనట్లు ఇంటి గుమ్మంవైపు చూస్తోంది.

నేనూ వెళ్ళి అరుగు మీద పక్కన కూర్చున్నాను. బండల సందులో ఎండుచేప తునకలు కనిపించాయి. గంట మోగించి కుక్కకు తిండి పెడుతూ ఉంటే కొన్నాళ్ళకు గంటకే దాని నోట్లో నీళ్ళూరుతాయని మాకు ఫిజియాలజీలో చెప్పారు. పిల్లి మీద, సౌకార్‌పేటలో, జట్కా గంటతో ఆ ప్రయోగం చేసినవారెవరో చూడాలని తలెత్తాను. గుమ్మంలో అలివేలమ్మ నిలబడి ఉంది.

“పెద్దమ్మా, దీనికి ఇక్కడ కరువాడు పెడుతున్నదెవరు?” ఎండుచేపను వాళ్ళు అరవంలో కరువాడనే అంటారు.

“వీధి కదా నాయనా. గాలికొచ్చి పడుంటాది.”

“జట్కా గంట మోగినప్పుడే వీస్తుందా ఆ గాలి?”

ఆమె సందుకు అటూ ఇటూ చూసింది. “ఎండలో ఏల కూర్చోవాల? లోపలికి రా. కాఫీ తాగుదువు గాని.”

కాఫీ చాలా బాగుంది. రెండో గుక్కలో అడిగాను. “నేర్చుకోవడానికి ఎన్నాళ్ళు పట్టింది?”

“ఒక వారం. తెలివైంది. మా వాడికి కొట్టు లెక్కలు నేర్పేదానికి రెండేండ్లు పట్టింది.”

“మనవరాలిని తీసుకురావడం మీకిష్టం లేదా?”

“వద్దని ఎవరన్నారు?” గొంతు లేచింది. లోపలికి వెళ్ళి గుడ్డమూట తెచ్చి విప్పింది. వెండి గజ్జెలు, పసిదాని కాలికి సరిపోయేవి. “రేయీ పగలూ దాని ధ్యాసే నాకు. అయితే మా వియ్యపురాలు ఏమనిందో తెలుసునా? పసిబిడ్డ ఉండే ఇంట్లో పిల్లి ఉండకూడదంట. పాల వాసనకొచ్చి మొహం మింద పండుకొని ఊపిరి పీల్చేస్తాదంట. బిడ్డ వచ్చే ముందర దీన్ని గోనెలో కట్టి సముద్రం ఒడ్డున వదిలేయమనింది. మా వాడు తలూపినాడు.”

“తలూపితే ఏమైంది? మీరు చెబితే...”

“నోటితో సరే అంటే మళ్ళా మాట మార్చుకుంటాడు. తలూపినాడంటే అంతే, వాళ్ళ నాయన మాదిరి.” ఆమె గజ్జెలు మళ్ళీ మూటగట్టింది. దొరసాని వడ్డన లేదని తేల్చుకుని, తిరిగొచ్చి ఆమె పాదాల మీద వాలింది. “బిడ్డ గడప లోపలికొస్తే ఇది గోనెలోకి పోవాల. నేనేం చేసేది నాయనా? ఒక రైలు పోతే ఒక దినం దొరుకుతాది కదా అనుకున్నా.”

“నన్నడిగి ఉండవలసింది.”

“పిల్లికి డాక్టరుంటాడని ఎవరికి తెలుసు?”

 నాకు తెలిసింది చెప్పాను. పిల్లి ఊపిరి పీల్చదు, వెచ్చదనం కోసం పక్కలో చేరుతుంది. పసిబిడ్డ తనంతట తాను పక్కకు తప్పుకోలేదు గనుక భయపడడంలో అర్థం ఉంది, గోనెలో కట్టడంలో లేదు. ఉయ్యాలకు దోమతెర గట్టిగా కట్టాలి. బిడ్డ నిద్రపోయే గది తలుపు మూయాలి. దొరసానికి పొయ్యి దగ్గర వెచ్చటి చోటొకటి ఇవ్వాలి, పురుగుల మందు పట్టించాలి. ఊరెళ్ళేటప్పుడు ఏంచేయాలో కూడా చెప్పాను. బోర్డింగు విషయంలో నాదే తొందరపాటు. పిల్లికి మనిషి కంటే చోటు ముఖ్యం. దాన్ని కదిలించకుండా, ఎదురింటి రాజమ్మగారిని వచ్చి అదే పళ్ళెంలో, అదే మూల, అదే వేళకు పెట్టమంటే చాలు.

ఆ సాయంత్రం నాయుడు వచ్చేదాకా ఉన్నాను. “పిల్లి ఇంట్లోనే ఉంటుందని మీ అమ్మగారికి మాటిస్తే, ఎదురు రాకుండా చూసే పూచీ నాది,” అన్నాను.

నాయుడు నన్ను చూశాడు, ఎదురింటి అరుగు మీది కరువాడు తునకలు చూశాడు, తల్లిని చూశాడు. “అమ్మా! నువ్వా?”

“నేనేం చేసినా?”

“నాలుగు రైళ్ళు పొయ్యినాయి కదమ్మా!”

“నువ్వా దినం తలూపకుంటే ఒక్క రైలూ పొయ్యుండదు.”

నాయుడు నవ్వేశాడు. నోటితోనే మాటిచ్చాడు. అలివేలమ్మ ఒప్పుకోలేదు. తల కూడా ఊపించుకుంది.

వియ్యపురాలి మిగతా భయానికి నేనొక మందు రాశాను. మా ఆసుపత్రిలో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉండేది. జట్కా గుర్రం బండి లాగడానికి తగినదని మేమిచ్చే చీటీ అది. పిల్లులకు వేరే అచ్చు కాగితం లేదు. ‘గుర్రము’ కొట్టేసి ‘పిల్లి’ అని రాశాను. కళ్ళు, పళ్ళు, చర్మం బాగున్నాయని నింపాను. గిట్టల దగ్గర ‘గోళ్ళు’ అని దిద్దాను. లాగగల బరువు దగ్గర ‘వర్తించదు’ అన్నాను. కింద గుండ్రటి రబ్బరు స్టాంపు వేశాను.

ప్రయాణం రోజు పొద్దున్నే వాళ్ళ వంటింట్లో తలుపేసుకుని దొరసానిని పట్టుకుని కూర్చున్నాను. జట్కాను సందు మొదట్లోనే ఆపమన్నాం, గంట కొట్టొద్దన్నాం. ఆపాడు. గంట మాత్రం అలవాటు కొద్దీ తొక్కాడు. జట్కావాడికీ ఒక ఫిజియాలజీ ఉంటుందని నేను లెక్కలోకి తీసుకోలేదు. దొరసాని నా చొక్కా చించి, భుజం మీదుగా గూట్లోకెక్కి, పోపులడబ్బా దొర్లించింది. తోకైనా వదలకుండా పట్టుకుని ఆవాలలో నిలబడ్డాను. వీధిలోంచి అలివేలమ్మ గొంతు వినిపించింది.

“నాయనా, దాన్ని నొక్కి పట్టుకోబాకు!”

రైలు దొరికింది.

వాళ్ళు తిరిగొచ్చేరోజు దొరసానికి మందు పట్టించే నెపంతో నేనూ అక్కడే ఉన్నాను. సందు మలుపులో గంట మోగింది. ఆ వెంటనే మేమందరం మరిచిపోయిన సంగతి గడప దూకి, జట్కాకు అడ్డంగా పరుగెత్తి, రాజమ్మగారి అరుగెక్కి కూర్చుంది. బిడ్డను దింపడానికి తోడొచ్చిన నెల్లూరు వియ్యపురాలు “అయ్యో, ఎదురు!” అని జట్కాలోనే బిగుసుకుపోయింది.

“పొయ్యేవాళ్ళకు ఎదురు గాని, ఇంటికొచ్చేవాళ్ళకు ఎదురేంది వదినా? దిగు దిగు,” అంది అలివేలమ్మ. ముందు తాను దిగి, కొంగు ముడి విప్పి, ఆ అరుగు మీద కరువాడు తునకొకటి పెట్టింది. నాయుడు బిడ్డనెత్తుకుని దిగాడు. బిడ్డ కళ్ళు తెరిచే ఉంది. చూస్తున్నది మాత్రం వాళ్ళ నాన్నను కాదు, పిల్లిని. వియ్యపురాలు నేనందించిన సర్టిఫికెట్టును అటూ ఇటూ తిప్పి, స్టాంపు మీద వేలు పెట్టి చూసి, “గవర్నమెంటుదా?” అంది. ఎవరూ కాదనలేదు.

మా వృత్తిలో హిస్టరీ తీసుకునేటప్పుడు జంతువు గురించే అడుగుతాం. దాన్ని తెచ్చిన మనిషికో, ఇంట్లో ఆగిపోయిన మనిషికో ఉన్న భయం గురించి అడగం. దొరసాని కేసు తర్వాత నా ప్రశ్నల వరస మారింది.

కొన్ని నెలల తర్వాత నాయుడి ఎదురింటి రాజమ్మగారు ఆసుపత్రికి వచ్చింది. చేతిసంచీలో బూడిదరంగు కూన ఒకటి, దొరసాని సంతానం. కరువాడు ఏ వయసు నుంచి పెట్టొచ్చు, వేళకు పెడితే మంచిదా, జట్కా గంటకు బెదురుతుందా అని వరసగా అడిగింది. నేను కలం పక్కన పెట్టాను.

“అది సరే రాజమ్మగారూ, మీకు ఎక్కడికి వెళ్ళడం ఇష్టం లేదు?”

ఆమె కూన తలను సంచీలోకి సర్దింది.

“మా ఆడబిడ్డ ఇంటికి,” అంది.