డేటా గారు శుక్రవారం వస్తారు

దుబాయ్ ఎండను పట్టి కాగితం మీద కూర్చోబెట్టి, విదేశీయులకు చూపించి, నగరానికి గ్రాంటు తెచ్చినవాణ్ణి నేనే. అక్కడి నైఫ్ అనే పేట సందుల్లో ఒక గది చల్లబడిందంటే అది అక్షరాలా నా చలవే.

ఈ మాట పెళ్లిళ్లలో చెప్పాను, రైళ్లలో చెప్పాను, పన్ను పీకించుకోవడానికి వెళ్లినప్పుడు నోరు మొద్దుబారేలోపు డాక్టరుకు కూడా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ గ్రాంటు కొంత పెరిగేది, దానితోపాటు ఎండా పెరిగేది. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి కొంత గాలి తీయాలి. నోటిమాటను ఎవరూ దాచుకోరు, అచ్చుమాటను దాచుకుంటారు. గ్రాంటు నేను తేలేదు. గ్రాంటు కోసం పెట్టిన దరఖాస్తును టైపు చేశాను. అందులోనూ మొదటి పేజీ వేరేవాళ్లు చేశారు.

రెండువేల ఏడో సంవత్సరం వేసవి అది. మేము షార్జాలో అల్ నహ్దాలో ఉండేవాళ్లం. ఆఫీసు దుబాయ్‌లోని దేరాలో, నైఫ్ పక్కనే. భవనాలకు గాలీ నీరూ చెత్తా ఎలా ఉన్నాయో చూసి రిపోర్టులు రాసిచ్చే చిన్న కన్సల్టెన్సీ. నేను టైపిస్టును, ఫైళ్లు సర్దేవాణ్ణి, ముదీర్‌కు, అంటే మేనేజరుకు, టీ ఎంత చిక్కగా ఉండాలో తెలిసిన ఒకే ఒక్కణ్ణి. మా ముదీర్ సూడాన్ దేశస్థుడు. మంచివాడే గానీ, ఒక పని తలకెక్కితే ఎదుటి మనిషి కనపడడు.

ఒకరోజు ఆయన నా బల్ల దగ్గర నిలబడి, యూరప్‌లో ఏదో ఫౌండేషన్ నగరాలకు గ్రాంటు ఇస్తోందన్నాడు. "లోకల్ క్లైమేట్ యాక్షన్. డేటా ఆధారంగా. అర్థమైందా?" అన్నాడు. నేను తలూపాను. తలూపడం నా ఉద్యోగంలో సగం.

అందులో ఒక్క మాటా నాకు తిన్నగా బోధపడలేదు. మా వరంగల్‌లో గ్రాంటంటే ఎయిడెడ్ కాలేజీ లెక్చరర్లు ఎదురుచూసేది. వచ్చిందన్న పుకారు వచ్చేది గానీ అది వచ్చేది కాదు. క్లైమేటంటే వార్తల చివర చెప్పే వాన ముచ్చట. ఇక యాక్షన్ తీసుకున్నారంటే ఎవడో సస్పెండయ్యాడని అర్థం. ఎండ మీద యాక్షన్ ఎవరు తీసుకుంటారు? సంజాయిషీ ఎవరిని అడుగుతారు?

ఆ సాయంత్రం ఇంట్లో చెబితే మా ఆవిడ చపాతీ పిండి చేతులతోనే నవ్వింది.

"ఎండకు మెమో ఇస్తరా ఏంది?"

"నవ్వకు. చానా పెద్ద పని. అంతా నేనే చూస్తున్న."

"మీరు చూస్తే ఇంక అయినట్టే."

మర్నాడు ముదీర్‌నే మళ్లీ అడిగాను. ఆయన ఓపిగ్గా చెప్పాడు. నగరమంతా ఒకే ఎండ కాదట. వెడల్పాటి రోడ్డు మీద ఒకటి, ఇరుకు సందులో గది లోపల ఇంకొకటి. ఆ గదుల్లో వేడి ఎంతుందో అంకెల్లో చూపించాలట. అంకెలు గట్టిగా ఉంటే గ్రాంటు, గ్రాంటు వస్తే నీడ పరదాలు, చెట్లు, చల్లబరిచే ఏర్పాట్లు. నాకు చివరి రెండు మాటలే పట్టుబడ్డాయి. చల్లబరిచే ఏర్పాటంటే ఏసీ గాక ఇంకేముంటుంది?

ఒక సంచీ నిండా అగ్గిపెట్టెలంత డిజిటల్ థర్మామీటర్లు నా చేతికిచ్చి, "నీకు నైఫ్‌లో మనుషులు తెలుసు కదా, యల్లా" అన్నాడు, ఇక కదులు అని.

తెలిసినవాళ్లలో నాకు మొదట గుర్తొచ్చింది గోదావరి జిల్లా అమ్మాయి. మా ఇంట్లో కొన్నాళ్లు పనిచేసి, దూరమవుతోందని మానేసి, దేరా వైపు ఇళ్లు పట్టుకుంది. నన్ను బాబాయిగారూ అని పిలిచేది. నైఫ్‌లో ఒక పాత బిల్డింగులో, చెక్క అడ్డం పెట్టి విడదీసిన సగం గదిలో మొగుడూ పెళ్లాలు ఉండేవాళ్లు. అతను జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక గోడౌన్‌కు రాత్రి వాచ్‌మన్. పగలు పడుకోవాలి. కిటికీలో ఏసీ ఉందిగానీ అది చచ్చిపోయి, దాని నెత్తిన పావురాలు కాపురం పెట్టాయి. బిల్డింగు వాళ్లు పట్టించుకోలేదు. పగటి నిద్ర లేక అతను డ్యూటీలో ఒకసారి కునికి దొరికిపోయాడు. ఇంకొక్కసారి కళ్లు మూస్తే ఖలాస్, వీసా రద్దు చేసి ఊరికి పంపేస్తామన్నారు.

గుమ్మం బయట థర్మామీటరు చేతిలో పెట్టగానే ఆమె తిప్పి చూసింది.

"ఇదేంటండీ బాబాయిగారూ, జ్వరం చూసేదా అండీ?"

"గదికి జ్వరం చూసేది బిడ్డా. పగటిపూట దీంట్ల ఎంత వస్తదో రోజూ నాకు మెసేజ్ కొట్టు."

"జ్వరముందని మాకు తెలుసు కదండీ. మందేదండీ?"

"మందూ వస్తది. గ్రాంటు వచ్చిందనుకో, మీ గదికి ఏసీ పక్కా."

చెక్క అవతల నుంచి ఆమె భర్త గొంతు వినిపించింది. నిద్రపోతున్నాడనుకున్నాం.

"ఎప్పటికండీ?"

నేను వినపడనట్టు మెట్లు దిగాను.

మిగతా గదులవాళ్లు అంకెలు పంపుతూనే ఉన్నారు. ఈమె మాత్రం పంపలేదు. ముదీర్ రోజూ నా బల్ల మీద వేలితో తట్టి "డేటా వేన్?" అనేవాడు, డేటా ఎక్కడా అని. దాంతో ఆమెకు మెసేజ్ పెట్టాను. అప్పటి మా ఫోన్లలో తెలుగు అక్షరాలు లేవు. తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకునేవాళ్లం. "డేటా ఉంటేనే గ్రాంటు, గ్రాంటు వస్తేనే ఏసీ. డేటా తొందరగా చూడు" అని కొట్టాను.

జవాబొచ్చింది: "అందరినీ అడుగుతున్నానండీ. దొరకగానే చెప్తాను."

నాకు ముచ్చటేసింది. తన గది అంకెలే కాక చుట్టుపక్కల గదులవీ సేకరిస్తోంది కాబోలు అనుకున్నాను. రెండు మూడు రోజులకు ఇంకొకటి వచ్చింది: "డేటా దొరికారు."

దొరికారు ఏమిటి? గోదావరి మర్యాద మరి, అంకెకు కూడా బహువచనం ఇస్తారేమో అని సర్దిచెప్పుకున్నాను. ఆ సాయంత్రమే మూడోది: "డేటా గారు శుక్రవారం వస్తారు. మీరూ రండి."

ఫోన్ మా ఆవిడకు చూపించాను.

"డేటాకు గారు ఏంది?" అన్నాను.

"ఆ పిల్ల మీకు గారు పెడుతలేదా? గట్లనే," అంది.

ముదీర్‌కు మాత్రం డేటా శుక్రవారం వస్తుందని చెప్పాను. శుక్రవారమే ఎందుకని అడిగాడు. సెలవు కదా సార్, దానికీ అప్పుడే తీరుతుందన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి వెళ్లిపోయాడు.

శుక్రవారం నమాజు అయ్యాక నైఫ్ వెళ్లాను. సందును పూర్తిగా మూసేస్తూ ఒక పెద్ద తెల్లకారు నిలబడి ఉంది. వెనక సీట్లో నల్లటి అబాయాలో ఒక ముసలమ్మ, ఈ దేశపు మనిషి, జపమాల తిప్పుతూ కూర్చుంది. డ్రైవరూ ఇంకొకతనూ ఒక విండో ఏసీని మెట్ల మీదికి మోస్తున్నారు. పైన పావురాలు గోల చేస్తున్నాయి. మా గోదావరి అమ్మాయి కారు తలుపు దగ్గర నిలబడి ముసలమ్మకు నిమ్మరసం ఇస్తోంది.

"డేటా ఏదమ్మా?" అన్నాను.

"ఇదిగోనండీ, వీరే," అంది ఆ అమ్మాయి, ముసలమ్మను చూపించి. "నేను పనిచేసే ఇంటి పెద్ద మామ్మగారండీ. వాళ్లింట్లో కొత్తవి పెట్టించుకున్నారు, పాతది మాకిచ్చారు. దాత గారు."

అప్పుడు వెలిగింది నాకు. డి, ఏ, టి, ఏ. ఆఫీసువాడు చదివితే డేటా. తెలుగుగా చదివితే దాత. దాత ఉంటేనే గ్రాంటు, దాతను తొందరగా చూడు అని నేను రాసినట్టు! ఆమె చూసింది, వెతికింది, దొరికారంది. తప్పేముంది?

ముసలమ్మ నావైపు తిరిగి అరబీలో ఏదో అడిగింది. నేను ఎవరని కావచ్చు. "డేటా" అన్నాను. ఆమె నాకూ నిమ్మరసం ఇప్పించింది.

ఆ మధ్యాహ్నం ఆమె భర్త కొత్త చల్లదనంలో ఎంతలా నిద్రపోయాడంటే, డ్యూటీకి లేపడం కష్టమైందట. ఉద్యోగం నిలిచింది. ఆ మర్నాటి నుంచి ఆమె అంకెలు కూడా పంపింది, అన్నీ చల్లటివి. ముదీర్ కంప్యూటర్ ముందు జుట్టు పీక్కున్నాడు.

"సందులన్నీ కాలిపోతుంటే ఈ ఒక్క గదిలో వేడి ఎందుకు పడిపోయింది? ఇక్కడేం జరిగింది?"

"లోకల్ క్లైమేట్ యాక్షన్ జరిగింది సార్," అన్నాను.

ఆయన నవ్వలేదు. ఆ గదిని లెక్కలోంచి తీసేయమన్నాడు. చల్లబడ్డ గదిని ఎందుకు తీసేయాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చల్లబరచడానికే కదా ఇదంతా? దరఖాస్తు వెళ్లింది. చాన్నాళ్లకు మర్యాదగా జవాబు వచ్చింది, నగర పాలకులు అడిగితేనే ఇస్తాం, కంపెనీలకు ఇవ్వం అని. అది మొదటి పేజీలోనే రాసి ఉందట. ఆ పేజీ నేను టైపు చేయలేదని ముందే చెప్పాను.

అయినా నా వాదన ఒకటుంది. నేను ఆ మెసేజ్ కొట్టకపోతే ఆమె దాత అని చదివేది కాదు. చదవకపోతే వెతికేది కాదు. కాబట్టి గ్రాంటు నాది కాకపోయినా చలవ నాదే.

ఆ మొగుడూ పెళ్లాలు ఇప్పుడు కాకినాడలో ఉన్నారు. ఇదంతా రాశాక ఫోన్ చేసి ఆమెకు చదివి వినిపించాను. 

"అయిపోయిందాండీ?"

"అయిపోయింది బిడ్డా. ఎట్లుంది?"

"బాగుందండీ. కానీ తప్పండీ."

"ఏది తప్పు?"

"నేను దాత అని చదివానన్నది. మా తమ్ముడు రాజమండ్రిలో డేటా ఎంట్రీ కోర్సు చేశాడండీ, ఆ మాట నాకు తెలీదంటారా? డేటా అనే చదివాను. అంకెలు పంపితే ఏసీ వస్తుందా అని మా ఆయన్నడిగాను. రాదన్నారు. అవతల ఆయన ఉద్యోగం పోయేలా ఉంటే మీకు అంకెలు రాసుకుంటూ కూచుంటానా అండీ? మామ్మగారి కాళ్లు పట్టుకున్నాను. దాత అన్నది మిమ్మల్ని ఆటపట్టించడానికండీ."

"మరి గారు పెట్టి రాసినవు కదా?"

"అదీ అందుకేనండీ. మీరింకా నవ్వలేదేంటా అనుకున్నాను."

"అయితే నా చలవ..."

"మీ చలవేంటండీ బాబాయిగారూ," అంది. "చలవ ఏసీదండీ."