సోషల్ మేష్టారి ఊతపదం

ఈ జూన్‌లో నేను ప్రిన్సిపాల్‌నయ్యాను. మొన్న కరస్పాండెంట్ గారు నా గదికొచ్చి, "టీచర్లు ఎప్పటికప్పుడు మెరుగవ్వాలండీ. పాత ప్రిన్సిపాల్ గారి శనివారం మీటింగులు మళ్లీ మొదలెడదామా?" అన్నారు. "వద్దండీ" అన్నాను, కాస్త గట్టిగానే. ఆయన తెల్లబోయారు. నాకు మా సోషల్ మేష్టారు గుర్తొచ్చారు.

అప్పటి మా ప్రిన్సిపాల్ ఎవరినీ 'అండీ' లేకుండా పలకరించి ఎరగరు. ఎంతో మర్యాదగా తోలు ఒలిచేవారు. శనివారం బడి వదిలాక స్టాఫ్‌రూమ్ టీవీలో ఎవరిదో ఒక పాఠం వీడియో పెట్టేవారు. మిగతావాళ్లం తలా ఒక తప్పు చెప్పాలి. దొరకలేదంటే, "అయితే వచ్చేవారం మీ పాఠమే చూద్దామండీ" అనేవారు. అందుచేత అందరికీ తప్పులు దొరికేవి.

ఓ వారం సోషల్ మేష్టారి వంతు వచ్చింది. బండారులంక నుంచి సైకిల్ మీద వచ్చే మనిషి, యాభై దాటినవారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లలు గోల చేస్తుంటే, నా క్లాసులో ఓ మూల కూర్చుని విని, బయటికొచ్చాక "బోర్డు వైపు తిరిగి మాట్లాడకండమ్మా, చాలు" అని నాకొక్కదానికే చెప్పినాయన. అలాంటి మనిషి పాఠంలో నేను తప్పు వెతికాను. "'అర్థమైందా' అని నలభై మూడు సార్లు అన్నారండీ" అన్నాను. ప్రిన్సిపాల్ గారి ముఖం వెలిగిపోయింది. "ఎలా అన్నారో కాస్త చేసి చూపించండి మేడం." చేశాను. మెడ ముందుకు చాపి, అచ్చం ఆయన గొంతుతో. గదంతా పగలబడి నవ్వింది. మేష్టారూ నవ్వారు. అందరికంటే ముందు ఆపేసింది కూడా ఆయనే.

సోమవారం నుంచి ఆ మాట నోట రాకుండా చూసుకోవడం మొదలెట్టారు. వాక్యం చివరికొచ్చేసరికి మాట మింగేసేవారు. ఆ ఖాళీలో పిల్లలే "అర్థమైందా" అని అరిచేవారు. పది రోజులకు రెండో వీడియో తీశారు. "తగ్గించేనండీ" అన్నారు మేష్టారు, మెప్పు కోసం చూస్తూ. "తగ్గించేరండీ. దాంతోపాటే పాఠమూ తగ్గిపోయింది" అన్నారు ప్రిన్సిపాల్. అప్పుడూ నవ్వాను నేను. దసరా సెలవుల తర్వాత మేష్టారు మరి బడికి రాలేదు.

రెండేళ్లకి బండారులంకలో ఒక చీరల కొట్లో చీరలు మడత పెడుతూ కనిపించారు. "తప్పు చేశానండీ" అన్నాను.

"ఆయ్, మీరన్నది నిజమే కదమ్మా" అంటూ ఇంకో చీర విప్పారు. "అలా అడిగితేనే వెనక కూర్చున్న పిల్లలు తలెత్తేవారు. అంచేత అడిగేవాణ్ణి."

తర్వాత చీరల రంగుల గురించే మాట్లాడారు.

ఇప్పుడు ఎవరి పాఠం విన్నా, నా గది తలుపేసి వాళ్లొక్కరికే చెబుతాను. అప్పటి మేష్టారి వయసు ఇప్పుడు నాది. ఇలా తలుపేసి చెప్పేదాకా రావడానికి నాకు పన్నెండేళ్లు పట్టింది. ఆయన్ని బడికి దూరం చేయడానికి నిమిషం కూడా పట్టలేదు.