వాగు ముఖాన అర ఎకరం, కామాఠీపురాలో ఆడబిడ్డ

కృష్ణలో కలిసే మా వాగులోకి తొలకరి వరదకు వాలుగలు, బొచ్చెలు ఎదురెక్కుతాయి. పైమడుగుల్లో గుడ్లు పెట్టి మళ్ళీ నదిలోకి దిగుతాయి. ఆ దారి మూసుకుపోకుండా ఒడ్డు భూములను కొని, ఏమీ కట్టకుండా వదిలివేయాలని మా ఊరివారం కొందరం సంఘంగా కూడాము. అందరూ అమ్మారు. వాగు సరిగ్గా నదిని కలిసేచోట అర ఎకరం మాత్రం మిగిలింది. అది చిన్ననాడే తండ్రితో ముంబయికి వెళ్ళిపోయిన బాలమ్మ పేరిట ఉంది. మట్టి పోసి గోడ కట్టదలచిన మరొకరు కూడా ఆమెను వెతుకుతున్నారని తెలిసి, వానలకు ముందే బయలుదేరాను. పురాణంలో ఒక చిన్న చేప రాజు దోసిట్లోకి వచ్చి చోటడిగింది. ఆ ఘట్టాన్ని జీవితమంతా వ్యాఖ్యానించినవాణ్ణి ఈ పనిని కాదనలేకపోయాను.

హైదరాబాదులో సాయంత్రం ఎక్కిన రైలు ఉదయం దాదర్‌లో దించింది. నా భార్య పోయిన ఈ నాలుగేళ్ళుగా ప్రయాణాల్లో పక్క సీటు ఎవరిదో నేను గమనించడం మానేశాను. దాదర్ నుండి గ్రాంట్ రోడ్డుకు లోకల్ టికెట్టు ఐదు రూపాయలు. ఎనిమిదింటికి ముందైతే వృద్ధులు కూడా ఎక్కగలరు. అక్కడ దిగి, వేశ్యావాడగా పేరుపడ్డ కామాఠీపురా పేరు చెప్పగానే టాక్సీ డ్రైవరు నా నెరసిన జుట్టు చూసి, ఈ వయసులో అక్కడ పనేమిటని హిందీలో అడిగాడు. చేపల పని అన్నాను. చేపల బజారు అటు కాదని చెప్పి, నవ్వుతూనే ఫాక్‌లాండ్ రోడ్డు మలుపులో దించాడు. అక్కడినుండి సందులో పది నిమిషాల నడక.

బాలమ్మ గది మూడో అంతస్తులో ఉంది. భర్త నర్సింలు నాగ్‌పాడాలో ఒక కార్ఖానాకు కాపలాదారు. నేను వచ్చిన పని విని ఆయన చాయ్ గ్లాసు నా ముందుకు జరిపాడు.

"చాపలకు అర ఎకరం గొంటున్నరా పంతులూ? ఈ ఖోలీల మేం పక్కకు తిరగాల్నంటె ఒకర్నొకరం అడగాలె."

బాలమ్మ ధర అడగలేదు. చేపలు ఇంకా ఎక్కుతున్నాయా అని అడిగింది. ఎక్కుతున్నాయన్నాను. ఊరి ఆడబిడ్డ కదా అని నేను తెచ్చిన బియ్యం, రవికె గుడ్డ, పసుపు, కొబ్బరికాయ ఆమె ముందుంచి, ఒడిబియ్యం అన్నాను. ఆమె వాటిని ముట్టలేదు.

"గిట్లనా తెచ్చుడు? పుట్టింటోళ్లు పిలిచి పోస్తరు, జోడీగ పోస్తరు. నువ్వొక్కనివే మోసుకొస్తివి."

శాస్త్రాలు చదివిన నాకు ఈ ఆచారం తట్టనేలేదు. నా భార్య బతికి ఉంటే గుమ్మం దాటకముందే నన్ను ఆపేది. తన అమ్మానాన్నలు, అన్న పోయినంక పిలిచేటోళ్లు లేరని బాలమ్మ నెమ్మదిగా చెప్పింది.

"ఆ పట్టాల పేరుంది గన్కనే ఆ ఊరికి నేనింకా ఆడిబిడ్డను. సంతకం బెట్టినంక నాకు ఆడ ఎవరున్నరు, చెప్పు?"

సంతకం అడగకుండానే లేచాను. దాదర్ ప్లాట్‌ఫారం మీద ఆ బియ్యం మూటతో సాయంత్రం వరకు కూర్చున్నాను. పుట్టింట ఎవరూ లేని మనిషి దగ్గరకు ఇంట ఎవరూ లేని మరొకడు వెళ్ళి, ఉన్న ఒక్క ఆధారాన్ని అడగబోయి వచ్చాడనిపించింది.

ఊరు చేరి జరిగింది చెప్పగానే మా సంఘంలోని బెస్త దంపతులు మర్నాడే ముంబయి రైలెక్కారు. బాలమ్మనూ నర్సింలునూ పిలిచి తీసుకొచ్చి, తమ ఇంట్లో పీట వేసి ఒడిబియ్యం పోశారు. రెండో రోజు ఆమె సంతకం చేసింది. విధవాధర్మం వంటిదే విధురధర్మం కూడా అనుకుని నేను అరుగు మీదే ఉండిపోయాను. లోపల ఆడవాళ్ళ నవ్వులు మాత్రం వినిపించాయి. చేపలకు దారి కావాలంటే ఒక మనిషికి పుట్టిల్లు కావలసివచ్చింది. ఐదేళ్ళకొకసారి బాలమ్మను ఒడిబియ్యానికి పిలవాలన్న మాట సంఘం తీర్మానాల పుస్తకంలో ఆ అర ఎకరం హద్దుల కిందే రాశాము. ఆ అక్షరాలు నావే.

ఇటువంటి పని మీద కామాఠీపురాకు వెళ్ళదలచినవారికి ఒక సూచన: కాగితాలు తరువాత పంపవచ్చు, ముందు ఇద్దరికి టికెట్లు తీసుకోండి.