బాపు పండుకున్న వేళ మా ఆట

ఖాజా సంచి విప్పగానే ముందు వాసన బయటికి వస్తుంది, ఆ తర్వాతే బంతులు. పాత రబ్బరు, ఎండిన బురద, ఎన్నో చేతుల చెమట, అన్నిటి మీద పలుచగా బొగ్గు దుమ్ము. ఈ వాసనను సీసాల్లో పట్టి అమ్మితే కొనేవాళ్లం లోకంలో ముగ్గురమే ఉంటాం, అందులో ఇద్దరు బేరమాడతారు. ఖాజాది గోదావరిఖనిలో టైర్ల దుకాణం. దుకాణం వెనక ఆటస్థలం ఉంది. గోడ దాటి వచ్చి పడిన బంతిని పిల్లలు అడిగితే ఇచ్చేస్తాడు, అడగనిదాన్ని ఈ సంచిలో వేస్తాడు. ఏటికేడు అడగని బంతులే ఎక్కువవుతున్నాయని వాడి దిగులు. నెలకొక ఆదివారం ఖాజా, రాజేశం, నేను, మాతోపాటు మోకాళ్లు ఇంకా మాట వినే మరో నలుగురైదుగురు కలిసి, మేం పుట్టి పెరిగిన పాత క్వార్టర్ల లైనులో ఆడతాం. ఆ ఇళ్లు ఖాళీ అయి చాలా కాలమైంది, తలుపులూ కిటికీలూ ఎవరో ఊడదీసుకుపోయారు. యాభై రెండేళ్ల వయసులో నేను తీసేది పరుగా, నడకా అన్న విషయంలో అంపైరుకూ నాకూ ఎప్పుడూ పొత్తు కుదరదు.

అయినా ఆ వాసన ముక్కుకు తగిలిన క్షణం నేను తొమ్మిదేళ్లవాణ్ని. నోరు గట్టిగా మూసుకుని, చేతులు మాత్రం ఆకాశానికెత్తి, ఔటని వాదిస్తున్నవాణ్ని.

నోరు మూసుకోవడం మా ఆటలో మొదటి నియమం. మా లైనులో రెండు వరుసల ఇళ్లు, ప్రతి ఇంట్లోంచీ ఒక మనిషి గనిలోకి దిగేవాడు. వారానికొకసారి షిఫ్టు మారేది. రాత్రి డ్యూటీ పడిన మనిషి పొద్దున వచ్చి, స్నానం చేసి, ఇంత తిని, కిటికీకి నల్ల గొంగడి కట్టించుకుని పగలును రాత్రి చేసుకుని పండుకునేవాడు. సోమవారం పొద్దున మేం చేసే మొదటి పని లైను పొడవునా తిరిగి ఏ ఏ కిటికీలకు గొంగళ్లు కట్టారో చూడడం. గొంగళ్లు తూర్పు కొసన ఉంటే మా పిచ్ పడమటికి పోయేది, పడమటన ఉంటే తూర్పుకు వచ్చేది. రెండు కొసలా ఉన్న వారం మేం నడుమ ఇరుక్కుని, సిక్సరు కొట్టినవాణ్ని ఔట్ చేసి, నేల బారు ఆట ఆడేవాళ్లం. నేను ఈనాటికీ గాల్లోకి బంతి లేపలేకపోవడానికి కారణం ఇదే అని చెప్పుకుంటాను. రాజేశం మాత్రం ఒప్పుకోడు.

వికెట్లు బొగ్గు పెళ్లలు. బ్యాటు పాత పెట్టె చెక్క, చప్పుడు రాకుండా దానికి చిరిగిన లుంగీ చుట్టేవాళ్లం. అప్పీలు చేసుకునే హక్కు అందరికీ ఉండేది, అరిచే హక్కు ఎవరికీ లేదు. తిట్లు కూడా పెదాలతోనే. రాజేశం పెదాలు కదిపితే ఎంత పెద్ద బూతైనా అక్షరం పొల్లు పోకుండా అర్థమయ్యేది. దారిన పోయే కొత్తవాళ్లు మమ్మల్ని చూసి, పాపం ఇంతమంది మూగపిల్లలు ఒక్కచోటే పుట్టారేమని ఆగి నిలబడేవారు.

ఎండాకాలం రేకుల మీద వేడి చిటచిటలాడేది. ఉప్పూకారం అద్దిన మామిడికాయ చెక్క బుగ్గన పెట్టుకుని ఫీల్డింగ్ చేసేవాళ్లం. పుల్లదనానికి నాలుక టక్కుమంటుందని దాన్నీ మెల్లగా చప్పరించాలి. వానలు మొదలైతే ప్రతి ఇంట్లో బొగ్గుల పొయ్యి మీద మక్కకంకులు కాలేవి, మక్కగారెలు వేగేవి, ఆ పొగా నూనె వాసనా కలిసి లైనంతా కమ్ముకునేది. మా అమ్మను నేను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేవాణ్ని. నూనెలో పడిన గారె చుయ్యిమన్నా అవ్వ బాపు మంచం వైపు చూసేది. బతుకమ్మ రోజుల్లో అక్కలు బంతుల కోసం చేలవెంట తిరిగేవారు, మేమూ బంతుల కోసమే తిరిగేవాళ్లం. వాళ్లకు మాత్రం దొరికేవి.

చిత్రమేమంటే, మధ్యాహ్నం దూరంగా క్వారీలో పేలుడు పెడితే అల్మారాలో గిన్నెలు గలగలలాడేవి, గోడ సున్నం రాలేది. బాపు కదిలేవాడు కాదు. నేను గోడవతల గుసగుసగా 'నో బాల్' అంటే లేచి కూర్చునేవాడు.

మా మౌనం భక్తి కాదు, భయం. పక్కింటి ఓదెలు మామ ఒక పండుగనాడు పగలు కన్ను మూయకుండా రాత్రి డ్యూటీకి పోయి, పొద్దున కుడిచేతికి మూడు వేళ్లు లేకుండా వచ్చాడు. గనిలో పనిచోటుకు చేరగానే ముందు పైకప్పును కర్రతో తట్టి చూడాలట. గట్టి రాయి ఒక తీరుగా పలుకుతుంది, ఊడబోయే రాయి ఇంకో తీరుగా పలుకుతుంది. నిద్రలేని చెవికి రెండూ ఒకటే. అవ్వ ఆ సంగతి నాకు అన్నం కలిపి పెట్టినట్టు చిన్నప్పుడే కలిపి పెట్టింది. బాపు నిద్ర చెడిందంటే ఏం జరుగుతుందో ఊహించుకోవడానికి నాకు ఓదెలు మామ చెయ్యి చాలు.

ఇక బంతుల సంగతి. లైను చివర ఎవరో సగం కట్టి వదిలేసిన నీళ్ల ట్యాంకు ఉండేది. నేలలోకి రెండు నిలువుల లోతు, పైన సగం స్లాబు, సగం నోరు. గోడలు పగిలి ఉండడంతో ఆ నీళ్ల ట్యాంకులో నీళ్లు తప్ప అన్నీ నిలిచేవి. ముఖ్యంగా మా బంతులు. ఆ ఏడు ఆషాఢం నాటికి మా చేతిలో ఒక్క బంతి కూడా మిగల్లేదు. వెనక లైనువాళ్లతో ఆట ఒప్పుకున్నాం. దిగి తేవాల్సిందే అనుకున్నాం. దిగడానికి నన్ను ఎంచుకున్నది నా ధైర్యం చూసి కాదు, బరువు చూసి.

రాజేశం వాళ్లింటి బట్టలారేసే తాడు విప్పుకొచ్చాడు. దాన్ని పట్టుకుని దిగాను. లోపల చల్లగా, చీకటిగా, ఖాజా సంచి వాసనకు తాత వాసనగా ఉంది. కళ్లు అలవాటుపడేసరికి నిధి కనిపించింది. బోడిగుండు టెన్నిసు బంతి, అది రాజేశం కొట్టింది. ఖాజా వాళ్ల నాన్న సైకిల్ ట్యూబు ముక్కలు చుట్టి చేసిచ్చిన నల్లది. చీలి నవ్వుతున్న ఎర్ర రబ్బరుది. మా లైనులో ఎవరికీ లేని కార్కు బంతి ఒకటి, ఏ లైను నుంచి ఎగిరొచ్చిందో దానికే తెలియాలి. ఒక్కొక్కటి తీస్తుంటే ఒక్కొక్క సాయంత్రం చేతికొచ్చినట్టుంది. మొత్తం పద్నాలుగు. అంగీలో మూటగట్టి తాడుకు కడితే పైకి లాగేసుకున్నారు. పైన రాజేశం, ఖాజా చప్పుడు లేకుండా గంతులు వేస్తున్న నీడలు గోడ మీద కనిపించాయి.

తర్వాత నా వంతు. సగం ఎక్కాను. ఎండలకు పెళుసెక్కిన తాడు పుటుక్కున తెగింది. నడుము మీద పడ్డాను. పడినప్పుడు కూడా 'అబ్బ' అనలేదు, ఆ క్రమశిక్షణకు ఇప్పటికీ గర్వపడాలో ఏడవాలో తెలియదు. పైన మిగిలిన తాడు దించి చూస్తే నా చేతికి బారెడు ఎత్తున ఆగింది.

సరిగ్గా అది మధ్యాహ్నం రెండున్నర. రెండో షిఫ్టు వాళ్లు బస్సెక్కి పోయారు, మొదటి షిఫ్టు వాళ్లు ఇంకా రాలేదు. లైనులో ఉన్న మగవాళ్లంతా నిద్రలో ఉన్నవాళ్లే. ట్యాంకుకు దగ్గరి కిటికీ మాదే, గొంగడి కట్టి ఉంది. అవ్వ రేషను షాపుకు పోయింది. ఇంకే ఆడవాళ్లకు చెప్పినా నిమిషంలో కేకలు లేస్తాయి, లైను మొత్తం లేస్తుంది.

"బాపును లేపకుర్రి," అన్నాను. ట్యాంకు నా గుసగుసను నాలుగుసార్లు తిప్పి చెప్పింది. దానికి నేనే జడుసుకుని నోరు మూసుకున్నాను.

మొదటి షిఫ్టు వచ్చేదాకా కూర్చోవాలి, అంతే, గంట పని అనుకున్నాం. అప్పుడు వాన మొదలైంది. పక్క మోరీ పొంగి, గోడ చీలికలోంచి నల్లటి నీళ్లు ట్యాంకులోకి దూకాయి. పాదం, చీలమండ, మోకాలు. నీళ్లు నిలవని ట్యాంకులో మనిషి మునగడన్న సత్యం నాకు ముప్పై ఏళ్ల తర్వాత తట్టింది. ఆ పూట మాత్రం నాలుగు గోడలు, పైన చదరంగా బూడిదరంగు ఆకాశం, అందులో రాజేశం తల. అరవడానికి ఒక్కసారి నోరు తెరిచాను. మా కిటికీకి కట్టిన గొంగడి గుర్తొచ్చి మూసుకున్నాను. అరిస్తే నేను బయటపడతాను, బాపు రాత్రి నిద్రలేని చెవులతో గనిలోకి దిగుతాడు. అరవకపోతే నేను ఇక్కడే. తొమ్మిదేళ్ల బుర్రకు మూడో దారి కనపడలేదు. నీళ్లు తొడల దాకా వచ్చాక చూస్తే పైన రాజేశం తల పక్కన ఖాజా తల లేదు.

ఖాజా తర్వాత చెప్పాడు. మా ఇంట్లోకి పోయి మంచం పక్కన నిలబడ్డాడట. చివరికి బాపు కాలి బొటనవేలు పట్టుకుని, "కాకా, మా శంకర్ ట్యాంకుల పడ్డడు," అని చెవిలో రహస్యం చెప్పినట్టు చెప్పాడట.

ముందు నాకు కనిపించింది బాపు కాదు, మంచం. అప్పటిదాకా తను పండుకున్న నులక మంచాన్ని బాపు వానలో నెత్తిన మోసుకొచ్చి, నిలువుగా ట్యాంకులోకి దించి, పైకోళ్లు పట్టుకుని బోర్లా పడుకున్నాడు. నులక సందుల్లో కాళ్లు పెట్టి నిచ్చెన ఎక్కినట్టు ఎక్కాను. పైకొచ్చాక బాపు కళ్లు చూశాను. ఎర్రగా, మిరపపండ్లలా ఉన్నాయి.

"ఒర్లితే ఏమైతుండెరా?"

"నువ్వు పండుకున్నవ్ గద బాపూ."

"పండుకున్న. సచ్చిపోలే గద."

గోడకు ఆనించిన మంచం నుంచి నీళ్లు కారుతున్నాయి. ఇంకెక్కడైనా చాప వేసుకుని పడుకుంటాడేమోనని చూశాను. పడుకోలేదు. నా నడుముకు కాపడం పెడుతూ కూర్చున్నాడు. అవ్వ వచ్చి, సంగతి విని, నన్ను తిట్టడానికి నోరు తెరిచి, బాపు కళ్లు చూసి మూసుకుంది. రాత్రి బాపు టిఫిను తీసుకుని బయలుదేరుతుంటే అంగీ పట్టుకుని, ఇయ్యాల పోవద్దన్నాను. నా చెయ్యి విడిపించుకుని పోయాడు.

పొద్దున సైరను కంటే ముందే పోయి మోరీ గట్టు మీద కూర్చున్నాను. బస్సు వచ్చింది. ఒక్కొక్కరే దిగారు. నేను మొహాలు చూడలేదు, చేతులు చూశాను. బాపు అందరికన్నా చివర దిగాడు. పది వేళ్లూ ఉన్నాయి. లెక్క సరిచూసుకుని ఇంకోసారి చూసుకున్నాను. దగ్గరికొచ్చి నిలబడి అడిగాడు:

"ఎన్ని దొరికినయ్‌రా?"

"పద్నాలుగు."

"మస్తు దొరికినయ్ పో," అని ఇంట్లోకి పోయి గొంగడి కట్టించుకుని పండుకున్నాడు. ఆ వారమంతా మేం అసలు ఆడలేదు. బంతులు ముందరేసుకుని చూస్తూ కూర్చున్నాం.

నేను ట్యాంకులోంచి బయటపడ్డాను గానీ గనిలోంచి పడలేదు. బాపు ఛాతీ పాడై డాక్టర్లు పనికిరాడని తేలిస్తే ఆ ఉద్యోగం వారసుడిగా నా మీదకు వచ్చింది. చదువు మధ్యలో ఉన్నాను, కాదనే దారి అప్పుడూ కనపడలేదు. భూమి లోపలి పని కాదు, క్వారీలో మట్టి తోలే పెద్ద బండి నాది. కానీ షిఫ్టులు అవే. ఇరవై ఎనిమిదేళ్లుగా నా వారాలు కూడా మూడు రకాలే.

మొన్న ఆదివారం ఆట సగంలో ఖాజా నా చేతిలోంచి బ్యాటు లాక్కున్నాడు. "రాత్రి డ్యూటీ ఉంది గద నీకు? పో, పోయి పండుకో," అన్నాడు. ఎదురుచెప్పి లాభం లేదు, వాడు మా బాపునే లేపినవాడు. నేను మలుపు తిరిగేదాకా వెనక రాజేశం గొంతు చించుకుని ఔట్ ఔటని అరుస్తూనే ఉన్నాడు. ఏ కిటికీకీ గొంగడి లేదు. అసలు కిటికీలే లేవు. ట్యాంకు చోట ఇప్పుడు మట్టి కుప్ప ఉంది, నులక అల్లేవాళ్లు గోదావరిఖనిలో ఒక్కరూ మిగల్లేదు, నోరెత్తకుండా ఆడే క్రికెట్ అని చెబితే నా పిల్లలు ఫోనులో వెతుకుతారు.

ఇంటికి వచ్చి కూలరు వేసుకుని పడుకున్నాను. నిద్ర రాలేదు. పగటి నిద్ర నాకు ఈమధ్య చాలా వరకు నటనే. బయట ఉల్లిగడ్డల బండి వచ్చింది, మైకులో రికార్డు చేసిన గొంతు నాలుగు కిలోలు వంద అని సందు దద్దరిల్లేలా మోగుతోంది. వాకిట్లో కుర్చీ కిర్రుమంది. ఎనభై దాటిన బాపు లేచాడు. చేతికర్ర మెట్ల మీద ఒక్కొక్క చోటే ఆగుతూ దిగుతున్న చప్పుడు, మధ్యలో దగ్గు, మళ్లీ కర్ర. లేచి వద్దని చెప్పాలి. లేస్తే నేను మేలుకునే ఉన్నానని తెలిసిపోతుంది.

మైకు మాట మధ్యలో ఆగింది. బాపు గొంతు కిటికీ కింద నుంచి సన్నగా వినిపించింది.

"జర మెల్లగ పో బిడ్డా. మా పిలగాడు పన్నడు. రాత్రి డ్యూటీ వానికి."

బండి చక్రాల చప్పుడు మాత్రమే సందు చివరిదాకా పోయింది. బాపు మళ్లీ మెట్లెక్కి, కుర్చీ చప్పుడు కాకుండా ఎత్తి తలుపుకు అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు. నేను కళ్లు గట్టిగా మూసుకుని, పక్క కూడా మార్చకుండా, సాయంత్రం దాకా అలాగే పడి ఉన్నాను.