అణియం మీద ఉప్పునీళ్లు

మా ట్రక్కు ఇంజన్‌కు కార్బురేటర్ ఎందుకు పెట్టించాల్సి వచ్చిందని మా ఊళ్లో ఎవరినడిగినా, నేను ముందు సీట్లో కూర్చోవడం వల్లేనంటారు. ఇప్పటికీ అంటారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోతుంది.

మాది పులికాట్ అంచున చేపలు పట్టే ఊరు. వేట మా ఆయనది, అమ్మకం నాది. రేవులో ఏజెంటు చెప్పిన ధరకే చేపలు వదిలేసుకోవడం చేతకాక, మెడలో గొలుసు అమ్మి పాత పెట్రోలు ట్రక్కు ఒకటి కొన్నాను. చిన్నదే. చేపల్ని ఐసులో వేసుకుని నేరుగా నాయుడుపేట మార్కెట్టుకు పోవచ్చు. అది మూలపడిందంటే నేను మళ్లీ ఏజెంటు ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. పట్టుబట్టి నడపడం నేర్చుకున్నాను, లైసెన్సు తెచ్చుకున్నాను. అయినా స్టీరింగు పట్టుకున్నది మా బావ, అంటే మా ఆయన అన్న.

ఎందుకో వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. పడవ ముందు కొసను మావాళ్లు అణియం అంటారు. ఆడవాళ్లు దాన్ని తొక్కకూడదు. ట్రక్కుకు కూడా ముందు భాగం అణియమేనని బావ తేల్చాడు. చక్రాలున్న అణియం! కాబట్టి బండి కొన్న మనిషి వెనకాల, ఐసుపెట్టె మీద. నెత్తిన ఎండ, కింద నీచునీళ్లలో నానుతున్న చీర. మా ఆయనతో మొత్తుకుంటే, "అన్న మాట ఎందుకు కాదనేది?" అన్నాడు. ఆయనెప్పుడూ అంతే.

వేట నిషేధం ముగిసి పడవలు దించే రోజున అణియానికి పసుపూ కుంకుమా పెట్టి కడవతో సముద్రపు నీళ్లు పోస్తారు. ఆ రోజు బావ ట్రక్కుకూ పోయబోయాడు. దాని ఇంజన్ సీటు కింద ఉంటుంది. సీటు ఎత్తి పెట్టి మరీ కడవ వంచాడు.

"బావా, ఉప్పునీళ్లు అయ్యి. లోపల వైర్లుండాయి," అని అరిచాను.

"పడవకు పోసినామే, అదేమన్నా చెడిపోయిందా? నువ్వు పక్కకుండమ్మా."

పడవ చెక్కతో చేసింది. ఈ ఇంజన్‌లో పెట్రోలు ఎంత చిమ్మాలో, నిప్పురవ్వ ఎప్పుడు పుట్టాలో చెప్పేది ఒక కంప్యూటర్ డబ్బా. నీళ్లు దాని మీదుగానే కారాయి. చుట్టూ ఉన్నవాళ్లంతా దణ్ణం పెట్టుకున్నారు.

కొన్నాళ్లు బండి దగ్గుతూ మూలుగుతూ నడిచింది. ఒకరోజు దారిలో జోరువాన పట్టుకుంటే, ఇక తడవలేక నేను వెళ్లి ముందు కూర్చున్నాను. మర్నాడు నడిరోడ్డు మీద ఇంజన్ ఆగిపోయింది. బావ ఇంజన్ వైపు చూడలేదు. నా వైపు చూశాడు. ఎండలో చేపలన్నీ పాడైపోతే రోడ్డు పక్క కాలువలో నా చేతులతో నేనే పారబోశాను.

బండిని చిల్లకూరు దగ్గర హైవే షెడ్డుకు లాగించాం. మెకానిక్ సీటెత్తి చూసి తల పట్టుకున్నాడు. "వైరింగంతా చిలుము పట్టేసిందక్కా. కంప్యూటర్ పోయింది. ఈ పాత మోడలుకు అది యాడా దొరకదు. ఉప్పునీళ్లు ఎవరు పోసినారు దీనికి?"

నేను బావను చూశాను. బావ టీకొట్టును చూశాడు.

మిగిలిన దారి, కంప్యూటర్ లేకుండానే పెట్రోలూ గాలీ కలిపి ఇచ్చే కార్బురేటర్ ఒక్కటే. పాత వ్యానుది తెచ్చి బిగించాడు. నిప్పురవ్వ కోసం డిస్ట్రిబ్యూటర్ పెట్టాడు. ట్యాంకులో పంపు పీకేశాడు. అది తోసే జోరుకు కార్బురేటర్ పొంగి పెట్రోలు వేడి ఇంజన్ మీద కారుతుందట. దాని బదులు మెల్లగా తోసే పంపు పెట్టాడు. చల్లబడ్డ ఇంజన్‌కు పెట్రోలు ఎక్కువ అందించే చోక్ ఎంత లాగాలో, ఎప్పుడు లోపలికి నెట్టాలో నేను పక్కనే నిలబడి నేర్చుకున్నాను. బావను పిలిస్తే, బండి నడపడం తనకొకరు నేర్పాలా అన్నాడు. నిక్షేపంలాంటి ఇంజన్, మైలేజీ పోయి, పెట్రోలు కంపు కొడుతూ ఇల్లు చేరింది. నాకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది.

మర్నాడు పొద్దున్నే బావ చోక్ పూర్తిగా లాగి, యాక్సిలరేటర్ తొక్కి తొక్కి ఇంజన్‌ను పెట్రోలుతో ముంచేశాడు. అది ఎందుకు అందుకుంటుంది?

"చూసినారా, దోషం ఇంకా పోలా," అని దిగి, మళ్లీ కడవ నింపుకొచ్చాడు.

అప్పటికి నేను స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాను.

"దిగమ్మా. అణియం అది."

"పొయ్యాలనుంటే నా నెత్తిన పొయ్యండి బావా. ఇంజన్ మీద ఒక్క చుక్క పడిందంటే మర్యాదగా ఉండదు."

చోక్ లోపలికి నెట్టి, ఇంజన్‌లోకి గాలి బాగా పోయేలా యాక్సిలరేటర్ అడుగంటా తొక్కిపట్టి తాళం తిప్పాను. రెండు దగ్గులు దగ్గి, నల్లపొగ వదిలి ఇంజన్ అందుకుంది. బావ చేతిలో కడవ చేతిలోనే ఉండిపోయింది.

ఆ రోజు ఆయనకూ నాయుడుపేటలో పనుంది. నా పక్క సీటు ఖాళీగా ఉన్నా, ఆడమనిషి నడిపే బండిలో ముందు కూర్చోనని వెనక్కి పోయి ఐసుపెట్టె ఎక్కాడు. నేను బతిమాలలేదు. గుంతలు చూసి నడపనూ లేదు.

మార్కెట్టు దగ్గర బావ దిగి, నీచునీళ్లతో తడిసిన పంచె పిండుకుంటూ, "ఎట్టా కూర్చున్నావమ్మా దీని మీద ఇన్నాళ్లు?" అన్నాడు.

"ఇన్నాళ్లూ ఎందుకడగలేదు బావా ఆ మాట?"

ఆయన పిండిన పంచె దులుపుకుని తన పనికి పోయాడు. తిరుగుదారిలో బస్సెక్కాడు.