జానెడు తక్కువైన దూలం

నా చిన్నప్పుడు, అంటే నాకు తొమ్మిదేళ్ళు ఉంటాయేమో, మా తాతయ్య నిలబడి ఉన్న చెట్టుని చూసి అందులో ఎంత కర్ర ఉందో చెప్పేవాడు. రొంపిచెర్ల చుట్టుపక్కల ఎవరు చెట్టు కొట్టించాలన్నా ముందు ఆయన్నే పిలిచేవాళ్ళు. బోదెని రెండు చేతులతో కావలించుకుని, తల పైకెత్తి ఒకసారి చూసి, "రెండు దూలాలు, ఒక గుమ్మం, మిగిలింది పీటలకి" అనేవాడు. కోశాక అంతే వచ్చేది. రాస్తున్నావా తల్లీ? నెమ్మదిగానే చెబుతాలే.

ఆ ఏడే ఆయన కళ్ళకి పొర కమ్మింది. అప్పటికే కుర్ర వడ్రంగులు స్టీలు టేపులు నడుముకి తగిలించుకుని తిరుగుతున్నారు. ఆ టేపు మీద అంకెలు మా తాతయ్యకి కనపడవు. పిలిచేవాళ్ళు తగ్గారు. పొద్దున్నే సంచి సర్దుకుని అరుగు మీద కూర్చునేవాడు, ఎవరైనా వస్తారేమోనని.

అలాంటప్పుడు పక్కింటి అక్క వచ్చింది. భర్త పోయి, ఇద్దరు పిల్లలతో ఉండేది. ఇంటి దూలం పుచ్చిపోయి నాపరాళ్ళ కప్పు వంగిపోయింది. కప్పంతా దింపించి, కొత్త దూలం కోసం పెరట్లో ఉన్న ఒక్క వేపచెట్టునీ కొట్టించింది. "టేపులోళ్ళు నాకొద్దు తాతా, నువ్వే చెయ్యాల" అంది. ఆ పూట మా తాతయ్య అన్నం సంగతి కూడా మర్చిపోయి రంపానికి ఆకురాయి పట్టాడు.

కొలత తెమ్మని నన్ను పంపాడు. గోడ నుంచి గోడకి దారం పట్టి, దానికి అటో మూర, ఇటో మూర కలపమన్నాడు. మా వైపు రాతిగోడలు లావు. దూలం ఇరువైపులా మూరెడు లోపలికి కూర్చోకపోతే నాపరాళ్ళ బరువుకి గోడ అంచు ఊడిపోతుంది. దారం చివర రాయి పెట్టి, తప్పు లేకుండా కొలిచాను. మా అరుగు మీద కూర్చుని, మోచెయ్యి దగ్గర నుంచి వేలి కొస దాకా రెండు మూరలు కలిపి ముడి వేశాను. ఆ మూరలు నా చేతివి. మూర ఒక్కొక్కరికీ ఒక్కోలా ఉంటుందని నాకు తట్టనే లేదు. ఆ దారం ప్రకారమే చెట్టు కోశారు.

దూలం ఎత్తే రోజు పసుపు రాసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఇటు వైపు సరిపోయింది. అటు వైపు గోడ మీదున్న తాపీ మేస్త్రి నవ్వాడు.

"ఏంది పెద్దాయనా, నీ దూలం గోడెక్కడానికి సిగ్గుపడతంది!"

ఇటు జరిపారు, అటు జరిపారు. జానెడు తక్కువ. పొడవైతే కొయ్యొచ్చు, పొట్టిదాన్ని ఏం చేస్తాం? మేస్త్రి నవ్వు ఆగిపోయింది. "దీని మీద రాళ్ళెయ్యను నేను. పిల్లలు పడుకునే ఇల్లు" అని దిగిపోయాడు.

అక్క మొద్దు మిగిలిన చోటుకేసి చూసింది. "ఇంకో చెట్టు యాడుంది తాతా నాకు?" అంది, అంతే.

కొలిచింది నేనని చెప్పబోయాను. మా తాతయ్య చెయ్యి నా భుజం మీద పడి గట్టిగా నొక్కింది.

"కొలత నాదేనమ్మా" అన్నాడు, అందరికీ వినపడేట్టు. "కళ్ళతో పాటు లెక్క కూడా పోయింది."

"ముసలోడికి ఇస్తే ఇంతే మరి" అని ఎవరో వెనక నుంచి గొణిగారు.

ఇంటికొచ్చాక మోచెయ్యికి మోచెయ్యి కలిపి నా చేతిని తన చేతి పక్కన ఆనించి పెట్టుకున్నాడు. నా వేలి కొస ఆయన వేళ్ళ మొదట్లోనే ఆగిపోయింది. తిడతాడనుకున్నాను. "ఎవరి మూరో చెప్పకుండా పంపినోడిదే తప్పు" అన్నాడు. నేను ఏడుస్తుంటే, పెద్దయ్యాక ఎవరికైనా పని చెప్పేటప్పుడు వాళ్ళ చెయ్యెంతో చూసి చెప్పమన్నాడు.

ఆ దూలాన్ని నరికి అక్క వంటసాలకి వాడుకుంది. పెద్దగదికి ఆ వానాకాలమంతా తాటాకులే. మా తాతయ్యని మళ్ళీ ఎవరూ పిలవలేదు. కొన్నాళ్ళకి ఉలులు, బాడిస ఒక కుర్రాడికి ఇచ్చేశాడు. మరుసటి ఎండాకాలం దాటలేదు. పాడె వెంట నడుస్తూ కూడా ఊళ్ళో వాళ్ళు ఆ దూలం మాటే చెప్పుకున్నారు. నేను విన్నాను. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు, చెప్పలేదు. అక్కా పోయింది. మీ తాతకి కూడా చెప్పలేదు, నీకే చెబుతున్నాను. ఉన్నదున్నట్టు రాయి.

ఇప్పటికీ ఎక్కడైనా ఒక పెద్దాయన తలొంచుకుని తప్పు నాదే అంటే, నేను ఆయన్ని చూడను. ఆయన చెయ్యి ఎవరి భుజం మీదుందో చూస్తాను.